బెత్తానికి గీసిన హద్దులు: తెలుగునాట బడి దండనల చరిత్ర

బడిలో పిల్లలను అసలు కొట్టనే కూడదన్న నిషేధం తెలుగునాట ఇరవై ఒకటో శతాబ్దంలో వచ్చింది. కొట్టడానికి ఒక హద్దు ఉండాలన్న ఆలోచన మాత్రం చాలా పాతది. దేనితో కొట్టాలి, ఒంటిమీద ఎక్కడ కొట్టాలి, ఎన్ని దెబ్బలు, ఎవరి చేతిమీదుగా అన్న ప్రశ్నలకు ధర్మసూత్రకారులు మొదలుకొని వలసపాలన నాటి విద్యాశాఖ వరకు తలా ఒక జవాబు చెబుతూ వచ్చారు. ఈ జవాబులన్నీ కొట్టేవాడు గురువేనన్న ఊహమీద నిలిచాయి. పిల్లవాడిని పిల్లవాడు కొట్టడం, బెదిరించడం, అవమానించడం బడి చరిత్రలో అంతే పాతవైనా, చాలాకాలం వాటిని తప్పుగా గాక బడి నడిచే పద్ధతిలో భాగంగానే చూశారు.

తెలుగు వైదిక కుటుంబాలలో ఎక్కువభాగం అనుసరించే ఆపస్తంబ సూత్రానికి చెందిన ధర్మసూత్రం, తప్పుచేసిన శిష్యుడికి నాలుగు శిక్షలు చెబుతుంది: భయపెట్టడం, ఉపవాసం ఉంచడం, చన్నీటి స్నానం చేయించడం, ఎదుటికి రావద్దని దూరంగా ఉంచడం. తప్పు తీవ్రతను బట్టి, బుద్ధి మారేవరకు ఇవి అమలు చేయాలి. కొట్టడం ఈ జాబితాలో లేదు. గౌతమ ధర్మసూత్రం ఒక మెట్టు దిగి, కొట్టకుండానే శిష్యుణ్ణి దిద్దాలనీ, అది సాధ్యం కానప్పుడు సన్నని తాడుతోగాని వెదురు బద్దతోగాని కొట్టవచ్చుననీ, మరిదేనితో కొట్టినా ఆ గురువును రాజు శిక్షించాలనీ అంటుంది. మనుస్మృతి అవే సాధనాలను ఒప్పుకుంటూ, దెబ్బ వీపుమీదనే పడాలనీ తలమీద పడరాదనీ నిర్దేశించి, మీరినవాడికి దొంగతనపు దోషం అంటగట్టింది. అయితే ఆ శ్లోకం శిష్యుణ్ణి ఒంటరిగా నిలబెట్టలేదు. భార్య, కొడుకు, దాసుడు, తోబుట్టువు అతని పక్కనే ఉన్నారు. దెబ్బకు హద్దు గీసిన చేయే దెబ్బ తినదగిన వాళ్లెవరో కూడా తేల్చిందన్న సంగతి, ఈ వాక్యాలను మన పూర్వుల దయాగుణానికి సాక్ష్యంగా చూపేవారు సాధారణంగా దాటవేస్తారు.

ఈ సూత్రాలు గురుకులానికి, అంటే గురువు ఇంట్లోనే ఉండి వేదం చదివే కొద్దిమందికి సంబంధించినవి. పల్లెల్లోనూ పట్నాల్లోనూ అక్షరాలు, లెక్కలు, పద్దులు నేర్పింది వీధి బడి. ఇంటి అరుగుమీదనో, గుడి మండపంలోనో, చెట్టుకిందనో ఒకే ఒక అయ్యవారు తల్లిదండ్రులిచ్చే జీతంమీద బతుకుతూ నడిపిన బడి ఇది. తెలంగాణలో దీన్నే ఖాన్గీ బడి, అనగా సర్కారుతో సంబంధం లేని సొంత బడి, అన్నారు. ఆ బడి లోపల ఏం జరిగేదో చెప్పే తొలి వివరమైన కాగితం ఒక కలెక్టరు నివేదిక.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, తన పాలన కింద ఉన్న జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో, ఎందరు చదువుతున్నారో లెక్క పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబు వాటన్నిటిలోకీ పేరుపొందింది. తెలుగు వ్యాకరణాన్ని 1816లోనే ఇంగ్లిషులో అచ్చువేసిన అధికారి ఇతడు. నాటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతమూ ఆదోనీ ఉండేవి గనుక, అతడు లెక్కించిన 533 బడుల్లో 235 కన్నడ బడులైతే, 226 తెలుగు బడులు. మొత్తం చదువరులు 6,641 మంది, బడికి సగటున పన్నెండుగురు. వారిలో ఆడపిల్లలు అరవైమందే కాబట్టి నాటి బడిదెబ్బల కథ దాదాపు పూర్తిగా మగపిల్లల కథ.

బడి ఉదయం ఆరింటికే మొదలయ్యేదని క్యాంప్‌బెల్ రాశాడు. అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు, అది గౌరవం. రెండోవాడి అరచేతిలో సున్న చుట్టేవారు. మెప్పుకూ తగడు, నిందకూ తగడని దాని భావం. మూడోవాడికి ఒక మెత్తని దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి చొప్పున పెంచుతూ పోయేవారు. సగటు బడిలో పన్నెండో పిల్లవాడు అక్షరం దిద్దకముందే పది దెబ్బలు తినాలన్నమాట. ఎవరూ ఆలస్యం చేయకపోయినా ఈ లెక్క తప్పదన్నది ఇందులోని అసలు విశేషం: పన్నెండుగురూ చీకటితోనే లేచి పరుగెత్తుకొచ్చినా వరసలో ఒకడు చివరివాడు కాక తప్పదు, వాడికి పది దెబ్బలూ తప్పవు. అంటే ఈ శిక్షకు తప్పుతో పనిలేదు, పోటీతోనే పని. పక్కవాడు ముందు రావడమే తన వీపుకు చేటని ప్రతి పిల్లవాడికీ రోజూ పొద్దున్నే తెలిసివచ్చేది.

సోమరులకు వేరే శిక్షలున్నాయి. కొరడా దెబ్బలు, రెండు చేతులకూ తాడు కట్టి కప్పీమీదుగా పైకప్పుకు వేలాడదీయడం, ఆపకుండా కూర్చుని లేవమనడం అని ఆ నివేదిక మూడింటిని పేర్కొంటుంది. ఇంటి దూలానికి తాడువేసి పిల్లవాణ్ణి వేలాడదీసే శిక్షను తెలుగువారు కోదండం వేయడమనేవారు. కూర్చుని లేవడం గుంజీలన్న పేరుతో నేటికీ అందరికీ తెలుసు. గుంజీలు బాధాకరమే గాని బహుశా ఆరోగ్యకరం కూడానేమో అని కలెక్టరు ఒక చురక వేశాడు. ఈ శిక్షలు కఠినంగా కనిపిస్తున్నాయన్నంతవరకే అతడు వెళ్లాడు. మాన్పించాలన్న ప్రతిపాదన ఏదీ చేయలేదు. ఈ నివేదికను ధరంపాల్ 1983లో తన 'ది బ్యూటిఫుల్ ట్రీ' గ్రంథంలో తిరిగి అచ్చువేసినప్పటినుంచి, ఆంగ్లేయులు రాకముందే దేశంలో చదువు విస్తరించి ఉందనడానికి దాన్ని ఎందరో ఉదాహరించారు. ఆ వాదనలో బలముంది. కాని ఆ లెక్కలు తీసుకున్నవారు అదే కాగితంలో ఉన్న కోదండాన్నీ తీసుకోవలసి ఉంటుంది.

అదే నివేదిక ముందున్న పిల్లలచేత వెనకున్న పిల్లలకు చెప్పించే పద్ధతిని మెచ్చుకొని, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేనన్నది. ఆ అనుకరణ ఆండ్రూ బెల్ పని. 1789 నుంచి మద్రాసు ఎగ్మూరులోని మగపిల్లల అనాథాశ్రమ పాఠశాలను నడిపిన ఈ మతాచార్యుడు, పిల్లలచేత పిల్లలకు చదువు చెప్పించే విధానాన్ని 1797లో లండన్‌లో ప్రచురించాక అది మద్రాసు పద్ధతిగా పేరుపొందింది. ఒక్క అయ్యవారు ఓనమాలు దిద్దేవాణ్ణీ పద్దులు రాసేవాణ్ణీ ఒకే అరుగుమీద సంబాళించాలంటే ఇంతకన్న చవకైన దారి లేదు. అయితే చదువు చెప్పే అధికారం పెద్దపిల్లవాడికి వచ్చినప్పుడు దాని వెంటే చెవి మెలిపెట్టే అధికారమూ వచ్చింది. ప్రశ్నకు జవాబు చెప్పినవాడు, చెప్పలేనివాళ్ల ముక్కు ఒక చేత్తో పట్టుకొని రెండో చేత్తో చెంపమీద కొట్టాలన్న శిక్ష తెలుగు బడుల్లో చాలాకాలం నడిచింది. మెల్లగా కొడితే, ఎలా కొట్టాలో చూపడానికి ఆ దెబ్బ అయ్యవారి చేతిమీదుగా కొట్టినవాడికే తిరిగి పడేది. స్నేహితుడిమీద జాలి చూపే వెసులుబాటు కూడా లేదన్నమాట. బడి ఎగ్గొట్టినవాణ్ణి, అంటే బడిదొంగను, పట్టుకురావడానికి వెళ్లేదీ పెద్దపిల్లలే. నలుగురు వెళ్లి కాళ్లూ చేతులూ పట్టి వీధివెంట మోసుకొచ్చేవారు. ఈనాడు బుల్లీయింగ్ అంటున్నది, అంటే బలమున్న పిల్లవాడు బలంలేని వాణ్ణి పదేపదే హింసించడం, ఆ బడిలో అయ్యవారు అప్పగించిన ఉద్యోగం.

తల్లిదండ్రులు దీన్ని అడ్డుకోకపోగా ఆశించారు. పిల్లవాణ్ణి అప్పగిస్తూ, కళ్లు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి పంతులుగారూ అనే మాట తెలుగిళ్లలో తరాల తరబడి నలిగింది. తలను మినహాయించిన మనువుకు పల్లె తండ్రి ఇచ్చిన పాఠాంతరంగా దీన్ని చదవవచ్చు. మరోపక్క ఆ పంతులి బతుకు ఆ తండ్రి చేతిలోనే ఉంది: నెలజీతం, పండుగల కానుకలు, దసరాకు పిల్లల్ని వెంటబెట్టుకొని ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడించి పుచ్చుకునే సంభావన, ఇవే అతని రాబడి. ఊళ్లో లోకువైన ఆ మనిషికి పూర్తి పెత్తనమున్న చోటు ఆ అరుగొక్కటే కావడం బెత్తం బరువును పెంచి ఉంటుంది.

ఆంగ్లేయుల చట్టం ఈ తండ్రి సమ్మతికే న్యాయశాస్త్ర రూపమిచ్చింది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 89వ సెక్షన్, పన్నెండేళ్ల లోపు పిల్లల మేలుకోసం సదుద్దేశంతో సంరక్షకుడుగాని, అతని సమ్మతితో మరొకరుగాని చేసిన పని నేరం కాదంది. ఆ సమ్మతి పైకి చెప్పిందైనా కావచ్చు, ఊహించుకోదగిందైనా కావచ్చు. అదే సంవత్సరం ఇంగ్లండులోని ఈస్ట్‌బోర్న్‌లో, తండ్రి రాతపూర్వకంగా అనుమతిచ్చాక పదిహేనేళ్ల విద్యార్థిని చనిపోయేలా కొట్టిన హాప్లీ అనే ఉపాధ్యాయుడికి నాలుగేళ్ల కఠిన కారాగారం పడింది. కాని ఆ తీర్పే, మితంగా సహేతుకంగా కొట్టే హక్కు తండ్రికీ ఉపాధ్యాయుడికీ ఉందని స్థిరపరిచింది. ఈ రెండింటి నీడ మన కోర్టులమీద చాలాకాలం పడింది. 1949 లా రిపోర్టులకెక్కిన ఘాట్గే కేసులో బొంబాయి హైకోర్టు, బిడ్డను బడికి పంపడమే ఉపాధ్యాయుడి క్రమశిక్షణాధికారానికి సమ్మతి అని భావించి, బెత్తం వాడిన ప్రధానోపాధ్యాయుణ్ణి విడిచిపెట్టింది.

విద్యాశాఖ తన వంతుగా లెక్క కట్టింది. మద్రాసు విద్యా నియమావళి ప్రకారం శారీరక దండన, అంటే ఒంటికి నొప్పి కలిగించే శిక్ష, కూడదు. కావాలని అబద్ధమాడటం, అసభ్యంగా మాట్లాడటం లేదా ప్రవర్తించడం, తీవ్రమైన ధిక్కారం వంటి నైతిక దోషాలకు మాత్రం మినహాయింపు. అప్పుడైనా అరచేతిమీద ఆరు దెబ్బలు మించరాదు, అవీ ప్రధానోపాధ్యాయుడి చేతగాని అతని పర్యవేక్షణలోగాని పడాలి. పాఠం రాకపోవడం ఈ మినహాయింపుల్లో లేదు. వాస్తవంలో తెలుగు పిల్లవాడు తిన్న దెబ్బల్లో అధికభాగం ఎక్కం తప్పినందుకూ పద్యం మరిచినందుకూ పడినవేనని ఎరిగినవారికి, కాగితానికీ తరగతి గదికీ మధ్యనున్న దూరం చెప్పనక్కరలేదు. చింతబరికె, తొడపాశం, గోడకుర్చీ ఏ నియమావళికీ అందలేదు. స్వయంగా పాఠశాలల తనిఖీ అధికారిగా పనిచేసిన రచయిత చలం, 'బిడ్డల శిక్షణ'లో దెబ్బల సంఖ్య గురించిగాక పిల్లవాడిమీద పెద్దల పెత్తనం గురించే నిలదీశాడు. తెలుగులో చర్చను ఎంత కొట్టాలన్న దగ్గరినుంచి ఎందుకు కొట్టాలన్న దగ్గరికి జరిపినవారిలో అతడు ముందువాడు. స్త్రీల గురించి రాసినవాటికి వచ్చిన గొడవలో పదోవంతు కూడా ఆ పుస్తకానికి రాకపోవడం విచారించదగ్గదే.

ప్రభుత్వాలు ఆ ప్రశ్న దగ్గరకు చేరేసరికి ఇరవయ్యో శతాబ్దం చివరికొచ్చింది. 1986 జాతీయ విద్యావిధానం శారీరక దండనను విద్యావ్యవస్థనుంచి గట్టిగా తొలగించాలని చెప్పింది. 1992లో భారతదేశం ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో చేరింది. 2000 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు అక్కడి పాఠశాల నిబంధనల్లో బెత్తానికి అనుమతిచ్చే భాగాన్ని కొట్టివేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002 ఫిబ్రవరి 18న, 1966 నాటి విద్యా నియమాల్లోని 122వ నియమాన్ని సవరించి, అన్ని విద్యాసంస్థల్లోనూ శారీరక దండనను నిషేధించింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ దానికి మానసిక వేధింపును చేర్చింది. మధ్యలో, 2007లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో జరిపిన అధ్యయనంలో, బడికి వెళ్లే పిల్లల్లో ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నట్టు చెప్పారు. నిషేధం వచ్చాక కూడా చేయవలసిన పని ఏపాటిదో ఆ లెక్కే చెబుతుంది. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు శారీరక దండనకిచ్చిన నిర్వచనంలో బెంచీ ఎక్కించడం, మోకాళ్లమీద నిలబెట్టడం, గోడకానించి కుర్చీ భంగిమలో ఉంచడం స్పష్టంగా చేరాయి. ఏ నియమావళీ పట్టించుకోని గోడకుర్చీకి అలా ప్రభుత్వ కాగితంలో చోటు దొరికింది.

పిల్లల మధ్య హింసకు చట్టం వేరే దారిలో వచ్చింది, అదీ కాలేజీ గేటునుంచి. ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నాటిది. విద్యార్థికి అవమానం, భయం, బెదిరింపు, గాయం కలిగించే పనిని ర్యాగింగ్‌గా నిర్వచించి, ఎగతాళికి ఆరు నెలల జైలునుంచి మొదలుపెట్టి తీవ్రతను బట్టి శిక్షలు పెంచింది. నిర్వచనం విశాలమే గాని, ఆచరణలో అది సీనియర్లకూ కొత్తగా చేరినవాళ్లకూ మధ్య వ్యవహారంగానే మిగిలింది. ఏడో తరగతి హాస్టల్ పిల్లవాడు తోటివాడి పెట్టె లాక్కోవడం ఆ చట్టం ఊహలో ఉన్న దృశ్యం కాదు. బడులకు సంబంధించి సీబీఎస్‌ఈ 2015 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాలు, ప్రతి పాఠశాలలో వేధింపుల నిరోధక సంఘం ఉండాలని సూచించి, అందులో వైస్ ప్రిన్సిపాల్, సీనియర్ ఉపాధ్యాయుడు, డాక్టరు, కౌన్సెలర్, తల్లిదండ్రుల ప్రతినిధులతోపాటు శిక్షణ పొందిన తోటి విద్యార్థులకూ స్థానమిచ్చాయి. తెలుగు పిల్లల్లో అధికసంఖ్యాకులు చదివేది రాష్ట్ర బోర్డు బడుల్లో. అక్కడ చాలా తరగతుల్లో ఈనాటికీ పంతులు గది దాటగానే లీడరు సుద్దముక్క తీసుకొని, మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డుమీద రాస్తాడు. ఆ జాబితా ఉపాధ్యాయుడి చేతికి వెళ్లాక ఏం జరగకూడదో 2002 ఉత్తర్వు చెప్పింది గాని, ఆ జాబితా రాసే అధికారం గురించి అందులో ఒక్క మాట లేదు.