చావ్ ఫ్రయా ఒడ్డున బ్యాంకాక్ ఆలయాలు

1767లో బర్మా సేనలు అయుత్థయను నేలమట్టం చేశాక, సయామీ రాజధాని చావ్ ఫ్రయా నది పడమటి ఒడ్డున ఉన్న థోన్‌బురికి చేరింది. 1782లో గద్దెనెక్కిన మొదటి రామా దాన్ని తూర్పు ఒడ్డుకు మార్చాడు. అదే బ్యాంకాక్.

రాజప్రాసాద ప్రాంగణంలోని వాట్ ఫ్రా కేవ్‌లో 66 సెంటీమీటర్ల ఆకుపచ్చ రాతి బుద్ధవిగ్రహం ఉంది. సయామీ సైన్యం వియంతియాన్ నుంచి తెచ్చిన ఈ విగ్రహాన్ని 1784లో ఇక్కడ ప్రతిష్ఠించారు. ఎండ, వాన, చలి కాలాలకు వేర్వేరు బంగారు వస్త్రాలున్నాయి. ఆచారం ప్రకారం వాటిని మార్చేది రాజే. చుట్టు మండపం గోడల నిండా 178 భాగాలుగా రామకియన్, అంటే థాయి రామాయణం, చిత్రించి ఉంది. తెలుగువారు హనుమంతుణ్ణి ఇట్టే పోల్చుకుంటారు. అయితే థాయి కథలో ఆయన బ్రహ్మచారి కాడు. రావణుడి కూతురు, వారధి రాళ్లను ఎత్తుకుపోయే మత్స్యకన్య సువన్నమచ్చను వలచాడు.

పక్కనే ఉన్న వాట్ పో నగరం కన్నా పాతది. మూడవ రామా కాలంలో కట్టిన 46 మీటర్ల శయన బుద్ధుడి అరికాళ్లలో 108 శుభచిహ్నాలను ముత్యపు చిప్పలతో పొదిగారు. జనం గుమిగూడేది అక్కడే అయినా, ఆలయానికి అసలు సంపద గోడల్లోని శాసనాలు. వైద్యం, మర్దన, సాహిత్యం వంటి విద్యలను ఆ రాజు అందరూ చదువుకునేలా రాతిపై చెక్కించాడు. 2011లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

నదికి ఆవల వాట్ అరుణ్ గోపురం. దాని ఒంటినిండా చైనా పింగాణీ ముక్కలు, గవ్వలు పూలరేకుల్లా పేర్చి ఉంటాయి.