త్సుషిమా మీదుగా

కొరియా దేశపు రేవుపట్టణమైన బుసాన్‌కు ఇంచుమించు 50 కిలోమీటర్ల దూరమున త్సుషిమా అను జపాను దీవి యున్నది. ఆకాశము నిర్మలముగ నున్న దినమున అచ్చటి కొండలపై నిలిచినవారికి కొరియా తీరము కనబడును. ఈ సామీప్యమే ఆ దీవికి అన్నము పెట్టినది, చిక్కులును తెచ్చినది.

1592లో హిదెయోషి కొరియాపై దండెత్తెను. 1598 వరకు సాగిన ఆ యుద్ధము కొరియాను పాడుచేసినది. అయినను 1607లోనే కొరియా రాయబారులు త్సుషిమా మీదుగా జపానుకు పోయిరి. చెరపట్టబడిన తమ జనమును మరల్చుకొనుట వారి తొలి ప్రయోజనములలో నొకటి. 1811 వరకు ఇట్టి రాయబారములు 12 నడచినవి. ఒక్కొక్కదాని వెంట మూడు నుండి ఐదు వందల మంది: పండితులు, చిత్రకారులు, వైద్యులు, వాద్యగాండ్రు. జపాను పండితులు వారి విడిదికి పోయి చీనా లిపిలో ప్రశ్నలు వ్రాసి, అట్లే జవాబులు పొందుచుండిరి. ఒకరి పలుకు ఒకరికి తెలియకున్నను కలములతో సంభాషణ సాగినది!

అతిథులకు దేనిని చూపవలెను? ఈ ప్రశ్న అప్పుడే పుట్టినది. 1719లో క్యోటో నగరమున రాయబారులకు విందు ఏర్పాటు చేసిన ఆలయము హిదెయోషి స్థాపించినది. దాని యెదుటనే, యుద్ధమున చంపిన కొరియావారి ముక్కులను కోసి తెచ్చి పూడ్చిన దిబ్బ. అచ్చటికి రామని రాయబారులు తొలుత నిరాకరించిరి. త్సుషిమా ప్రభువు కొలువున నున్న అమెనోమోరి హోషూ ఆనాడు వారి వెంట నుండెను. బుసాన్‌లో నివసించి కొరియా భాష నేర్చినవాడు. 1728లో తన ప్రభువునకు సమర్పించిన గ్రంథమున అతడు ఈ సంగతిని నిర్మొగమాటముగ చర్చించెను. ఆ యుద్ధము న్యాయము లేనిది, ఆ దిబ్బను చూపుట మన క్రూరత్వమును మనమే చాటుకొనుట యని అతని అభిప్రాయము. వంచింపక, కలహింపక, సత్యముతో మెలగుటయే మైత్రి యని అతడు చెప్పెను. స్వదేశపు ఘనతను పరదేశికి చూపగోరువారందరును చదువదగిన గ్రంథమని మా తలంపు.

1910 మొదలు 1945 వరకు కొరియా జపాను పాలనలో నుండెను. 1965లో సంధి కుదిరినను జపాను చలనచిత్రములకు, పాటలకు కొరియా తలుపు తెరవలేదు. 1998 అక్టోబరు నుండి మెల్లమెల్లగా తెరచినది. కళచేతను, ఆతిథ్యముచేతను పరుల మనస్సును గెలుచుటను నేడు సౌమ్యశక్తి యనుచున్నారు. 2018లో 75 లక్షల కొరియనులు జపానును దర్శించిరి. ముప్పదివేల జనముగల త్సుషిమాకే నాలుగు లక్షలమంది వచ్చిరి. మరుసటి యేట జూలైలో కొన్ని పారిశ్రామిక పదార్థముల యెగుమతిపై జపాను ఆంక్షలు పెట్టగా కొరియా ప్రజలు ప్రయాణములు మానిరి. దీవి అంగళ్లు వెలవెలబోయినవి. 2024 నాటికి జపానుకు వచ్చిన కొరియనులు 88 లక్షలు!

దీవికి మరియొక తగవు మిగిలినది. 2012లో త్సుషిమా ఆలయమునుండి ఒక బోధిసత్త్వ విగ్రహమును కొరియా దొంగలు అపహరించిరి. పూర్వము సముద్రపు దొంగలు మా యొద్దనుండియే కొనిపోయిరని కొరియాలోని ఒక ఆలయమువారు వాదించిరి. 2013లో దీవివారు రాయబారుల ఊరేగింపు ఉత్సవమును మానుకొనిరి. 2023లో కొరియా అత్యున్నత న్యాయస్థానము విగ్రహము త్సుషిమా వారిదే యని తీర్పు చెప్పెను. అటుపిమ్మట జపాను ఆలయమువారి సమ్మతితో అది కొరియా ఆలయమున నూరు దినములు పూజలందుకొని, 2025 మే నెలలో సముద్రము దాటి దీవికి చేరినది.