మూసీ తిన్న గోడలు

సెప్టెంబరు 28 దగ్గర పడుతోందంటే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ముసలి చింతచెట్టుకు పలకరింపులు పెరుగుతాయి. 1908లో ఆ రోజున మూసీ నది హైదరాబాదును ముంచెత్తితే 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. చెట్టు కథ అందరికీ తెలిసిందే. ఆ వరదలో కూలిన గోడల కథే ఎవరూ పెద్దగా చెప్పుకోరు. పాతబస్తీ ఇల్లు ఒకప్పుడు ఎండాకాలంలో ఎందుకు చల్లగా ఉండేదో, ఇప్పుడెందుకు ఉడికిపోతోందో తెలియాలంటే ఆ గోడల దగ్గరికే వెళ్లాలి.

1591లో కులీ కుతుబ్‌షా చార్మినార్‌ను రాయీ సున్నంతో నిలబెట్టాడు. మరి మామూలు జనం ఇళ్ల మాటేమిటి? 1660ల్లో ఇటు వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు థెవెనో, ఊరి శివారు పేటలో ఇళ్లన్నీ మట్టితో కట్టి గడ్డి కప్పినవేనని ముక్కు విరిచాడు. ఆ తర్వాత కుతుబ్‌షాహీలు పోయారు, ఔరంగజేబు వచ్చాడు, అసఫ్‌జాహీలు వచ్చారు. పేదవాడి గోడ మాత్రం మట్టిగోడగానే ఉండిపోయింది. థెవెనో ముక్కు విరిచినా, మందపాటి మట్టిగోడ ఎండకు లొంగేది కాదు. దానికి నీళ్లంటేనే గండం.

ఇటుక, డంగు సున్నం నవాబుల సొత్తు. హుసేనీ ఆలంలోని ఖుర్షీద్ జా దేవిడీని, అంటే నవాబు భవంతిని చూస్తే సంగతి తెలుస్తుంది. దూరం నుంచి ఆ స్తంభాలు రాతివేమో అనిపిస్తాయి. గచ్చు పెచ్చులూడిన చోట లోపలి ఎర్ర ఇటుక బయటపడుతుంది. ఆ గచ్చు తయారీయే ఒక తతంగం. గుండ్రటి గానుగ తొట్టిలో సున్నం, ఇసుక పోసి, ఎద్దులతో రాతిచక్రం తిప్పించి వెన్నలా నూరేవారు. అందులో కరక్కాయ నీళ్లు, బెల్లం, మారేడు గుజ్జు, కోడిగుడ్డు సొన కలిసేవి. మేస్త్రీకి పెట్టే తిండి కన్నా గోడకు పెట్టేదే ఘనంగా ఉండేదన్నమాట! గోడలేమో అడుగుల మందం, మధ్యలో ఆకాశానికి తెరుచుకున్న పెద్ద వాకిలి. పగటి వేడిని గోడ తనలోనే పట్టి ఉంచేది. రాత్రి వాకిట్లోకి దిగే చల్లగాలికి ఆ వేడి వదిలిపోయేది.

ఇక 1908. మూసీ పరీవాహకంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయి. తెగిన చెరువు కింది చెరువు మీద పడింది, అన్నీ కలిసి ఊరి మీద పడ్డాయి. అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ దెబ్బతిన్నాయి. 1578 నాటి పురానాపూల్ ఒక్కటే రెండు ఒడ్లనూ కలిపి నిలబడింది. నదిని ఆనుకున్న వాడల్లో మట్టిగోడలు ముందు తడిశాయి, తర్వాత మెత్తబడ్డాయి, ఆ పైన కప్పుతో సహా మనుషుల మీద కూలాయి. పదిహేను వేల మంది దాకా పోయారని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ కళ్లెదుటే తల్లినీ భార్యనూ బిడ్డనూ మూసీ లాక్కుపోయింది. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ప్యాలెస్‌ల తలుపులు తెరిపించి దిక్కులేనివాళ్లకు చోటిచ్చాడు. పండితుల మాట విని, ధోతీ కట్టి, నది ఒడ్డున మూసమ్మకు హారతి ఇచ్చాడని కూడా చెప్పుకుంటారు. దీనికి రుజువులు అడగడం పాతబస్తీలో మర్యాద కాదు. ముస్లిం ప్రభువు, హిందూ హారతి, చల్లబడిన నది: ఇంత మంచి కథను ఏ ఊరు మాత్రం వదులుకుంటుంది?

1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి, నదికి ఎగువన జలాశయాలు కట్టమన్నాడు. 1912లో ఏడో నిజాం నగరాభివృద్ధి మండలిని పెట్టాడు. ఆంగ్ల వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ దక్షిణపు ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ, ఎదుటి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి గీసిచ్చాడు. ఎత్తైన కప్పులు, మందపాటి గోడలు, పొడవాటి వరండాలు... ఏసీల్లేని కాలంలో రోగికి దక్కిన ఉపశమనమంతా అదే. అయితే అదే ఎష్ కాచిగూడ రైల్వేస్టేషన్‌కు ముందుగా పోతపోసిన కాంక్రీటు వాడాడు. ఇటుకను మోసే పని నుంచి తప్పించబోయే సరుకు అలా ఊళ్లోకి అడుగుపెట్టింది.

ఆ తర్వాత కథ ఒక దారిన నడవదు. కాంక్రీటు స్తంభాలు బరువు మోయడం మొదలుపెట్టాక గోడ ఉత్త తెర అయిపోయింది. దేవిడీలు వాటాలయ్యాయి, వాటాలు అరవై గజాల ముక్కలయ్యాయి. 18 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవున్న స్థలంలో చుట్టూ తొమ్మిదించుల గోడకు బదులు నాలుగున్నర ఇంచుల గోడ లేపితే అంతస్తుకు సుమారు నాలుగు గజాలు మిగులుతాయి. పాతబస్తీలో నాలుగు గజాలంటే ఒక వంటిల్లు. ఎవరు వదులుకుంటారు? కానీ తొమ్మిదించుల ఇటుకగోడ బయటి వేడిని లోపలికి చేరనివ్వడానికి ఆరేడు గంటలు తీసుకుంటే, నాలుగున్నరది అందులో సగంతోనే సరిపెడుతుంది. మధ్యాహ్నపు ఎండ చీకటి పడకుండానే మంచం దగ్గరికి వచ్చేస్తుంది.

ఎర్ర ఇటుకను నెత్తిన పెట్టుకోవాల్సిన పనీ లేదు. వేడిని కాంక్రీటు కన్నా తక్కువే ప్రసరింపజేస్తుంది గానీ, గాలి బుడగలతో తేలికగా ఉండే ఏఏసీ దిమ్మె దానికన్నా నాలుగైదు రెట్లు మెరుగు. పైగా బట్టీకి బొగ్గు కావాలి, పొలంలో మట్టి కావాలి, ఒడిశాలోని బలాంగీర్ నుంచి పిల్లాజెల్లాతో వలస వచ్చే కూలీల చెమట కావాలి. వాస్తుశిల్పి లారీ బేకర్ కేరళలో ప్రచారం చేసిన ‘ర్యాట్ ట్రాప్’ కట్టుబడిలో ఇటుకను నిలబెట్టి పేరుస్తారు. గోడ మధ్యలో గాలి గూళ్లు మిగులుతాయి, ఇటుకలు పావు వంతు కలిసొస్తాయి. అయినా దానికీ తొమ్మిదించుల మందం కావాలిగా!

ఇంతకూ గల్లీ ఇంటికి గోడలు ఎన్ని ఎండలో ఉంటాయి? తరచుగా రెండు వైపులా పక్కింటి గోడే ఆనుకుని ఉంటుంది. ఎండ తగిలే ముందు గోడ ఒక్కటి, ముఖ్యంగా అది పడమటిదైతే, తొమ్మిదించులు కడితే చాలావరకు పని జరుగుతుంది. మిగిలిన వేడి ఎక్కువగా స్లాబు నుంచే దిగుతుంది. దానికోసమే 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. ఎండను తిప్పికొట్టే తెల్లటి పూతో, పెంకులో స్లాబు మీద వేయించాలన్నది అందులో మాట. నివాస భవనాల్లో 600 గజాలు, ఆ పైన ఉన్న స్థలాలకు ఇది తప్పనిసరి. అరవై గజాల వాళ్లకు మాత్రం ఇష్టముంటేనే.