లెక్కలవానికి రాజముద్ర

1896వ సంవత్సరము ఏప్రిల్ 17వ తేదీన న్యూయార్కు రాష్ట్ర గవర్నరు లీవై మోర్టన్ సంతకముతో చట్టమైన ఒక చిన్న బిల్లునకు 2026 వసంతమున 130 ఏండ్లు నిండినవి. అది యుద్ధమును ప్రకటింపలేదు, పన్నును పెంచలేదు. ఇతరుల లెక్కలను పరిశీలించి యివి నిక్కములని లోకమునకు చెప్పువాడు, తన పేరు చివర సి.పి.ఏ. (సర్టిఫైడ్ పబ్లిక్ అకౌంటెంటు) యను మూడక్షరములు వ్రాసికొనవలెనన్న, ముందుగా రాష్ట్రమును మెప్పింపవలెనని మాత్రమే శాసించెను. నేడు మాదాపూరు అద్దాలమేడలలో కూర్చుండి అమెరికా కంపెనీల పద్దులు సరిచూచు మన పిల్లలు ఆ యక్షరములను పలుకునపుడు వారి తలపులో నుండునది పరీక్షయే గాని, ఆ పరీక్షను మొట్టమొదట పెట్టిన మహానుభావులు కారు. ఆ మహానుభావులమీద నాకు చిరకాలముగా మక్కువ.

లెక్కలు వ్రాయువాడు రాజ్యమంత పురాతనుడు. మన గ్రామములలో తండ్రి పీఠమున కొడుకు కూర్చుండి కవిలె విప్పెడివాడు. వంశమే యోగ్యతాపత్రముగా చెల్లిన ఆ కరణీకములను 1984లో రామారావుగారి ప్రభుత్వము రద్దు చేయువరకు పల్లెపొలముల కథ యంతయు వారి కలములలోనే యుండెను. వెనిస్ నగరమున 1494లో లూకా పచోలీ యను సన్న్యాసి జంటపద్దు విధానమును అచ్చువేయించెను. 1581లో అక్కడనే లెక్కలవారి సంఘ మొకటి యేర్పడి, శిష్యరికము చేసి పరీక్ష నిచ్చినవారినే లోనికి రానిచ్చెను. 1720లో లండనులో సౌత్‌సీ కంపెనీ బుడగ పగిలినపుడు చార్లెస్ స్నెల్ అను లేఖన పండితుడు శిథిలములలో పుస్తకములు వెదకెను. ఆపై నూరేండ్లకు పైగా చెప్పదగినది స్వల్పము. 1854లో ఎడింబరో లెక్కలవారికి రాణి రాజపత్ర మిచ్చెను, 1880లో ఇంగ్లండువారికి దక్కెను, బ్రిటిషు పెట్టుబడి ఓడలెక్కి అమెరికా రైలుమార్గములకు, సారాబట్టీలకు తరలినపుడు దాని వెంట ఈ రాజపత్రధారులును తరలిరి.

వారు దిగిన న్యూయార్కులో ఎవరు కావలెనన్న వారు తలుపునకు బోర్డు తగిలించి పబ్లిక్ అకౌంటెంటు కావచ్చును. 1887లో ఏర్పడిన అమెరికన్ అసోసియేషనునందు బ్రిటనునుండి వచ్చినవారి పలుకుబడి హెచ్చు. దానికి పోటీగా నున్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అకౌంట్సునందు స్వదేశీయులైన పుస్తకపాలకులు, బ్యాంకువారు హెచ్చు. 1895లో వీరిద్దరును వేర్వేరు బిల్లులతో శాసనసభ మెట్లెక్కి, ఒకరి కాలికొకరు అడ్డుపడి, ఉత్తచేతులతో దిగివచ్చిరి. మొదటివారు కోరినది బిరుదు లేనివాడు వృత్తియే చేయరాదని. రెండవవారు కోరినది వృత్తి యెవడైనను చేసికొనవచ్చును గాని బిరుదును మాత్రము దొంగిలింపరాదని. మరుసటి యేడు గెలిచినది ఈ రెండవ వాదమే. అమెరికా పౌరుడు, లేదా పౌరుడ నగుదునని ప్రకటించినవాడు, ఇరువదియొక్కయేండ్లు దాటినవాడు, రాష్ట్రమున నివాసమో కార్యాలయమో గలవాడు, సచ్ఛీలుడు: చట్టము కోరిన లక్షణము లింతే. పౌరుడ నగుదునని ప్రకటించిన చాలునన్న మాట యెవరికొరకు చేరినదో వేరుగ చెప్పనక్కర లేదు. సచ్ఛీలమును ఏ కొలపాత్రతో కొలువవలెనో మాత్రము చట్టము చెప్పలేదు, నేటికిని చెప్పలేకున్నది.

అమలు బాధ్యత రాష్ట్ర విశ్వవిద్యాలయ రీజెంట్లపై పడెను. వారి కార్యదర్శి మరెవరో కాదు, మన గ్రంథాలయములలో పుస్తకముల వెన్నుమీద దశాంశసంఖ్యలు వేయించిన మెల్విల్ డ్యూయీయే. ఆయన పద్ధతిలో లెక్కల శాస్త్రమునకు 657వ సంఖ్య కేటాయింపబడినది. ప్రపంచమునందలి సమస్తమును గళ్లలో అమర్చవలెనను ఆరాటము గల ఆ మనుజుని కాలముననే, ఇదివరకు ఏ గడియందును ఇమడని యొక వృత్తికి గడి యేర్పడుట నాకు కాకతాళీయముగా తోచదు.

పరీక్షకులుగా మువ్వురు నియమితులైరి. చార్లెస్ వాల్డో హాస్కిన్స్ తత్త్వవేత్త ఎమర్సనునకు బంధువు, హాస్కిన్స్ అండ్ సెల్స్ సంస్థకు 1895లో మూలపురుషుడు. ఫ్రాంక్ బ్రోకర్ కార్యశూరుడు. మూడవవాడు చార్లెస్ స్ప్రేగ్, నాకు ప్రియతముడు. గెట్టిస్‌బర్గు యుద్ధమున గాయపడి బ్రతికి, యూనియన్ డైమ్ సేవింగ్సు బ్యాంకు అధ్యక్షపదవి నెక్కి, ఖాళీ వేళలలో మానవులందరకు ఏకభాష కావలెనని తహతహలాడి, జర్మనుడొకడు కల్పించిన వోలపూక్ అను కృత్రిమభాషకు 1888లో ఇంగ్లీషువారి కొరకు పాఠ్యగ్రంథము వ్రాసినవాడు. వోలపూక్ గాలికి పోయినది. కాని 1880లోనే ఆయన జమాఖర్చులను బీజగణిత సమీకరణముగా వివరించిన విధానము, అనగా ఆస్తులు అప్పులకును యజమాని హక్కునకును కలిపి సమానమనుట, నేటికిని బి.కాం. తరగతి నల్లబల్లమీద నిలిచియున్నది. విశ్వభాషకై వెదకినవానికి అది మరియొక పెరట దొరకినదనవచ్చును.

పరీక్ష 1896 డిసెంబరు 15, 16 తేదీలలో న్యూయార్కు, బఫలో నగరములలో జరిగెను. లెక్కల సిద్ధాంతము, ప్రయోగము, ఆడిటు, వాణిజ్యశాసనము అని నాలుగు ఘట్టములు. అన్నియు చేతితో విపులముగా వ్రాయవలసినవే. ఉత్తీర్ణుడైనను ఇరువదియైదేండ్లు నిండి, మూడేండ్ల యనుభవము, అందొక యేడు ప్రవీణుడైన అకౌంటెంటు కార్యాలయమున గడపినదై యుండినగాని పూర్తి పత్రము రాదు. అంతవరకు వాడు జూనియరు అకౌంటెంటు. అయితే చట్టమునకు ముందు ఏడాదికి పైగా స్వతంత్రముగా వృత్తి చేసినవారికి పరీక్షను మాఫీ చేయవచ్చునని రీజెంట్లకు ఒక వెసులుబాటు కలదు. మొదటి సంఖ్య గల పత్రము, అక్షరక్రమము పుణ్యమాయని, ఫ్రాంక్ బ్రోకరునకు దక్కెను. ప్రశ్నపత్రము తయారుచేసినవాడు ప్రశ్నపత్రము నెదుర్కొనలేదు! మరుసటి యేడే ఆయన యొక సహచరునితో కలిసి ఆ ప్రశ్నలను జవాబులతో సహా పుస్తకముగా వెలువరించెను. అమీర్‌పేట కోచింగు కేంద్రములవారు తమ కులగురువెవరో తెలియక యున్నారేమో గాని, ఆయన పటమును గోడకు తగిలించుకొనదగును.

ఇంత ముచ్చటైన వ్యవస్థకు 1898 జూనులో తొలి చిక్కు వచ్చెను. క్రిస్టీన్ రాస్ అను మహిళ పరీక్ష వ్రాసి తన జట్టులో ముందువరుసన నిలిచెను. చట్టమున స్త్రీ పనికిరాదని ఎక్కడను లేదు. పనికివచ్చునని ఎవరును ఊహింపలేదు. రీజెంట్లు తర్జనభర్జనలు పడి 1899 డిసెంబరున 143వ పత్రము నామె కిచ్చిరి. ఇంతలో పెన్సిల్వేనియా చట్టము చేసెను, వెనువెంట మేరీలాండ్, కాలిఫోర్నియా. 1920ల నడిమికి రాష్ట్రమొక్కటి మిగులలేదు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క నియమావళి. 1917 నుండి వృత్తిసంఘము ఉమ్మడి ప్రశ్నపత్రమును అందించుచు వచ్చినది గాని, పత్రము ఇచ్చు అధికారమును ఏ రాష్ట్రమును వదలుకొనలేదు.

ఈ భేదములు ఒకనికి శాపమై, ఒక్కచోట వరమైనవి. జాన్ క్రామ్‌వెల్ 1906లో డార్ట్‌మత్ కళాశాలనుండి ఉన్నతశ్రేణిలో పట్టభద్రుడై వాషింగ్టనునకు వచ్చెను. నల్లజాతివాడగుటచే ఏ తెల్లవాని కార్యాలయమును అతనికి బల్ల చూపలేదు. బల్ల లేనిదే అనుభవము లేదు, అనుభవము లేనిదే లైసెన్సు లేదు. ఉన్నత పాఠశాలలో బోధించుచు పదునైదేండ్లు గడపి, అనుభవపు నియమము లేని న్యూహాంప్‌షైరు రాష్ట్రమును వెదకి పోయి, 1921లో అక్కడ పరీక్ష నెగ్గి, ఆ దేశపు తొలి నల్లజాతి సి.పి.ఏ. అయ్యెను. పరీక్ష అతని నెన్నడును ఆపలేదు. ఆపినది ఒక పెద్దమనిషి పెట్టని సంతకము.

అటుపిమ్మట కథ గజిబిజి యగును. 1933లో సెనేటు విచారణమునకు హాస్కిన్స్ అండ్ సెల్సుకు చెందిన కర్నల్ ఆర్థర్ కార్టర్ వచ్చి, కంపెనీల లెక్కలను స్వతంత్ర అకౌంటెంట్లు తనిఖీ చేయవలెనని వాదించినపుడు, మరి మిమ్ము తనిఖీ చేయునదెవరని సెనేటరు బార్‌క్లీ ప్రశ్నించెను. మా యంతరాత్మ యని ఆయన జవాబు. పరీక్ష వ్రాయని పరీక్షకుని సంగతి ఆ సభలో ఎవరికైనను గుర్తున్నదో లేదో. ఆ జవాబు డెబ్బది యేండ్లు చెల్లినది. ఇరువదిమూడవ యేట సి.పి.ఏ. అయిన ఆర్థర్ ఆండర్సన్ పేరు మోసిన సంస్థ ఎన్రాన్ కంపెనీ దొంగలెక్కల వ్యవహారమున 2002లో కూలగా, అంతరాత్మ పక్కన ప్రభుత్వము ఒక పర్యవేక్షక మండలిని కూర్చుండబెట్టెను.

అర్హతలు మాత్రము పెరుగుచునే పోయినవి. 1983లో ఫ్లోరిడా, పట్టమునకు చాలు 120 సెమిస్టరు గంటల చదువు లైసెన్సునకు చాలదని 150 గంటలు కోరెను. ఇతర రాష్ట్రములు క్రమముగ దాని బాట పట్టినవి. ఆ ముప్పది గంటలలో ఏమి చదువవలెనో పెక్కుచోట్ల స్పష్టము లేదు. విద్యార్థికి స్పష్టమైనది రుసుము మాత్రమే. కుర్రవారు ఈ వృత్తివంక చూచుట తగ్గిన పిదప, 2025 జనవరిలో ఒహైయో గవర్నరు సంతకము చేసిన చట్టము, డిగ్రీ, పరీక్ష, రెండేండ్ల యనుభవము చాలునన్నది; మరికొన్ని రాష్ట్రములు తమ తమ మాటలలో అదే చెప్పుచున్నవి.

2020 నుండి ఈ పరీక్షను హైదరాబాదులోనే కంప్యూటరు ముందు కూర్చుండి వ్రాయవచ్చును. కాని ఉస్మానియా మూడేండ్ల బి.కాం.ను ఎన్ని గంటలుగా కట్టుదురో, సోషల్ సెక్యూరిటీ నెంబరు అడుగుదురో లేదో, అదంతయు దరఖాస్తు చేయు రాష్ట్రమును బట్టి యుండును. అందుచే మన యమ్మాయిలు పుస్తకము తెరచుటకు ముందు అమెరికా పటమును తెరచి, మోంటానాయా, మరొకటా యని వాదులాడుకొందురు. ఉద్యోగమున చేరిన పిదప అనుభవపత్రముపై సంతకము పెట్టవలసిన పై యధికారికి లైసెన్సు కలదా, కలిగినచో అది ఏ రాష్ట్రముది, ఈ యేడు దానిని నవీకరించుకొనెనా యని విచారింతురు.