ఒక తీగె, రెండు డిస్కులు

ఇరవై యేండ్ల క్రిందటి కంప్యూటరు పెట్టెను, నేటి పెట్టెను ప్రక్కప్రక్కన విప్పి చూచిన విద్యార్థికి ఒక వింత కనబడుతుంది. పాతదానిలో మదర్‌బోర్డు నుండి రెండంగుళాల వెడల్పుగల పట్టీవంటి కేబులు బయలుదేరి రెండు హార్డు డిస్కులను కలుపుతుంది. అందులో కనీసం 40 తీగెలు ఉంటవి. కొత్తదానిలో ఒక్కొక్క డిస్కుకు ఒక్కొక్క సన్నని కేబులు. అందులో తీగెలు 7 మాత్రమే. అయినను ఎక్కువ వేగము ఈ సన్నదానిదే! తీగెలు తగ్గగా వేగము ఎట్లు పెరిగినది? దీనికి సమాధానము డిస్కుల చరిత్రలోనే ఉన్నది.

ఐ.బి.ఎం. సంస్థ 1956లో తెచ్చిన మొదటి డిస్కు యంత్రములో 24 అంగుళాల పళ్లెములు 50 ఉండేవి. బీరువా అంతటి ఆ యంత్రములో సుమారు 50 లక్షల అక్షరములు పట్టేవి. ఇంచుమించు అంతే సమాచారమును 1980లో షుగార్ట్ టెక్నాలజీ సంస్థ (తరువాతి సీగేట్) 5¼ అంగుళాల చిన్న డిస్కులో ఇమిడ్చినది. కాని ఆ డిస్కుకు సొంత తెలివి లేదు. దానిని నడిపే కంట్రోలరు వేరొక కార్డుపై ఉండేది. ఆజ్ఞలకు 34 తీగెల కేబులును రెండు డిస్కులు పంచుకొనేవి. సమాచారమునకు మాత్రము ఒక్కొక్కదానికి 20 తీగెల కేబులు విడిగా ఉండేది.

1986లో కాంపాక్, వెస్టర్న్ డిజిటల్ మొదలైన సంస్థలు కంట్రోలరును డిస్కుమీదికే మార్చినవి. ఇదే ఐ.డి.ఇ. పద్ధతి. ఇక 40 తీగెల కేబులు ఒక్కటి చాలు, రెండు డిస్కులకు. మూడవదానికి చోటెందుకు లేదు? కంప్యూటరు పంపే ఆజ్ఞ రెండు డిస్కులకూ చేరుతుంది. అది ఎవరికన్నది తెలిపేది ఒకే ఒక బిట్టు. బిట్టుకు 0, 1 అనే రెండే విలువలు. కనుక రెండే డిస్కులు!

ఏ డిస్కు 0, ఏది 1 అన్నది నిర్ణయించుటకు డిస్కు వెనుక జంపరు అనే చిన్న బిళ్ల ఉండేది. ఈ రెంటికి మాస్టరు, స్లేవు అని పేర్లు వాడుకలోనికి వచ్చినవి. నిజానికి ఒకటి రెండవదానిపై అధికారము చేయదు; అవి వరుస సంఖ్యలు మాత్రమే.

మేము చదువుకొనే రోజులలో ప్రయోగశాలలోని ఒక పాత కంప్యూటరుకు, మరొకదానినుండి తీసిన డిస్కును తగిలించినాము. రెండు డిస్కులూ కనబడకుండ పోయినవి. తెచ్చిన డిస్కు చెడినదని పారవేయబోయినాము. అందులో ఒక సంవత్సరపు ప్రయోగ ఫలితములు ఉన్నవి. తీరా చూడగా రెండింటి జంపరులూ మాస్టరు స్థానములోనే ఉన్నవి! పిలుపు ఒకటి, పలికేవారు ఇద్దరు. ఒక బిళ్లను జరుపగానే అంతా సరియైనది.

ఇట్లు పంచుకొనుటలో మరొక నష్టమున్నది. సాధారణముగా ఒక డిస్కు ఆజ్ఞను నెరవేర్చుచుండగా అదే కేబులు మీది రెండవది ఎదురుచూడవలసినదే. మదర్‌బోర్డుపై ఇట్టి దారులు రెండుండుటచే మొత్తము నాలుగు పరికరములు పట్టేవి.

అసలు చిక్కు వేగము వద్ద వచ్చినది. ఈ కేబులులో 16 తీగెలపై 16 బిట్లు ఒకేసారి బయలుదేరి ఒకేసారి చేరవలెను. వేగము పెరిగిన కొలది కొన్ని ముందు, కొన్ని వెనుక చేరసాగినవి; ఒక తీగెలోని సంకేతము ప్రక్క తీగెలో అలజడి రేపసాగినది. సెకనుకు 66 మెగాబైట్ల వేగము కొరకు, తీగెల నడుమ భూమికి కలిపిన మరి 40 తీగెలను చేర్చి 80 చేసినారు. చివరకు 133 మెగాబైట్ల వద్ద ఈ మార్గము ఆగినది.

2003లో వచ్చిన సాటా పద్ధతి పదహారింటిని కలిసి నడిపించుట మానివేసినది. బిట్లు ఒకదాని వెనుక ఒకటి వరుసగా పోతవి. పోవుటకు ఒక జత, వచ్చుటకు ఒక జత, భూమికి మూడు: ఇవే ఆ 7 తీగెలు. జతలోని రెండు తీగెల నడుమ వోల్టేజి భేదమే సంకేతము. బయటి అలజడి రెండింటిపై సమానముగా పడుటచే భేదము చెడదు. మొదటనే సెకనుకు 150 మెగాబైట్లు, 2009 నాటికి 600 మెగాబైట్లు సాధ్యమైనవి. డిస్కుకొక దారి ఏర్పడుటచే మాస్టరు, స్లేవు జంపరుల అవసరము తీరిపోయినది.

అయితే పంచుకొనుట పూర్తిగా పోలేదు. నేటి మదర్‌బోర్డులపై ఎం.2 అనే చీలికలో, కేబులే లేకుండ, చిన్న పలకవంటి డిస్కును గ్రుచ్చుతారు. చాల బోర్డులలో ఒక ఎం.2 చీలికను నింపగానే ఒకటి రెండు సాటా ద్వారములు పనిచేయుట మానును. లోపల వాటి దారి ఒకటే. కనుక రెండవ డిస్కును చేర్చి అది కనబడనప్పుడు, చెడినదని తొందరపడరాదు. ఆ దారిని మరెవరు పంచుకొనుచున్నారో బోర్డుతో వచ్చిన పుస్తకములో ముందు చూడవలెను.