జేబిల్డర్
జేబిల్డర్ ఒకదానిలో ఒకటి ఇమిడిన జేసన్ డేటాను నిర్మించేందుకు రూబీ భాషలో రాసిన ఓపెన్ సోర్స్ లైబ్రరీ. రూబీ ఆన్ రైల్స్ సృష్టికర్త డేవిడ్ హైనమయర్ హాన్సన్ దీన్ని 2011లో రూపొందించారు. ముందుగా నిర్వచించని పేరుతో మెథడ్‌ను పిలిస్తే, రూబీలోని ‘మెథడ్ మిస్సింగ్’ సదుపాయం ద్వారా ఆ పేరే జేసన్‌లో కీ అవుతుంది. ఆ పిలుపుకు డూ–ఎండ్ బ్లాక్ జతచేస్తే లోపలి ఆబ్జెక్టు ఏర్పడుతుంది. ‘రచయిత’ కీ కింద ‘పేరు’, ‘ఊరు’ చేరడం ఇలాగే. డేటా కీలతో పేర్లు కలగాపులగం కాకుండా లైబ్రరీ సొంత మెథడ్‌లు చాలావరకు ఆశ్చర్యార్థకంతో ముగుస్తాయి: అరే!, సెట్!, మెర్జ్!. పెద్ద జాబితాలో ప్రతి అంశానికీ విడి టెంప్లేట్‌ను పిలిస్తే వేగం మందగించడం దీని ప్రధాన పరిమితి. 2013లో వెలువడిన రైల్స్ 4.0 నుంచి కొత్త అప్లికేషన్ల జెమ్‌ఫైల్‌లో ఇది అప్రమేయంగా చేరింది. లైసెన్సు ఎంఐటీ.