హద్దురాయి గవాహీ

కిందటేడు మా దాదాజాన్ చేను మళ్లీ కొలిచారు. జీపీఎస్ లెక్కలో పాత హద్దురాయి రెండడుగులు మా వైపుకే జరిగి ఉందని తేలింది. "అంటే ఆ రెండడుగులూ మన హక్కే కదా భాయ్! చాచా వాళ్లకు చెప్పి రాయి జరిపిద్దాం" అన్నాడు తమ్ముడు. నాకు అమెరికాలోని రెండు కరోలినాల కిస్సా యాదికొచ్చింది.

వాటి మధ్య సరిహద్దు కొలత 1735లో మొదలైంది. సముద్రం నుంచి వాయవ్యంగా 35వ అక్షాంశం దాకా వెళ్లి, అక్కడి నుంచి నేరుగా పడమరకు తిరగాలని హుకుం. 1737లో సర్వేయర్లు 35 వచ్చేసిందనుకుని ఒక మేకు పాతారు. అసలు రేఖ ఇంకా సుమారు 11 మైళ్లు ఉత్తరాన ఉంది. 1764లో వచ్చినవాళ్లు ఆ మేకునే నమ్మి పడమరకు సాగారు. ఈ గలతీ వల్ల దక్షిణ కరోలినాకు 4 లక్షల ఎకరాలకు పైగా నుక్సాన్. ముఆవజాగా 1772లో పడమటి గీతను ఉత్తరానికి జరిపారు. నక్షాలో ఆ వంకర నేటికీ కనిపిస్తుంది.

ఆ గీతకు నిషానీలు చెట్ల మీద గొడ్డలి గాట్లే. కాలక్రమంలో చెట్లు పోయాయి, గీత ఎక్కడుందో జనం మరిచారు. 1990లలో మళ్లీ సర్వే మొదలైంది. ఒక చేత జీపీఎస్, ఇంకో చేత పాత దస్తావేజులు, నక్షాలు పట్టుకుని 334 మైళ్లు తేల్చడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

గౌర్ చేయాల్సిన సంగతి ఇదీ: ఇంత గొప్ప సాధనం చేతిలో ఉన్నా వాళ్లు 35వ అక్షాంశాన్ని వెతకలేదు. పాతవాళ్లు గాట్లు పెట్టిన చోటునే వెతికారు. గలతీ అయినా, తరాలు దాని మీదే ఇళ్లు కట్టుకున్నాయి, జమీన్లు కొన్నాయి. అదే అసలైన హద్దు అని ఫైసలా. అయినా 2017 జనవరి 1న 19 ఇళ్లకు రాష్ట్రం మారింది. ఇల్లు అంగుళం కదల్లేదు. పన్ను, ఓటు మారాయి.

తమ్ముడికి ఇదంతా చెప్పాను. "యంత్రం కొలత చెబుతుంది. గవాహీ మాత్రం రాయిదే. దాదాజాన్, చాచా వాళ్ల అబ్బా కలిసి పాతిన రాయి అది" అన్నాను. వాడు కాసేపు ఖామోష్‌గా ఉన్నాడు. తర్వాత పార తీసుకుని వెళ్లి, రాయి చుట్టూ మొలిచిన గడ్డి చెక్కి వచ్చాడు.